అది వేడి కాదమ్మా

మా పాప పోయింది. మామిడిపండ్ల కాలం ముగిసేటప్పుడు పోయింది. ఇప్పుడు బస్టాండులో సీతాఫలాలు అమ్ముతున్నారు. మీలో కొందరికి తెలుసు, ఇంటికి వచ్చి చూసి వెళ్ళారు. తెలియనివాళ్ళకు ఇప్పుడు చెబుతున్నాను.

బెంగళూరు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉన్నాను. ఒక నర్సమ్మ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. అంతకుముందు వచ్చినవాళ్ళంతా నిలబడే మాట్లాడారు. ఈమె కూర్చోగానే నాకు తెలిసిపోయింది. ఏడుపు రాలేదు. చెప్పులు ఎక్కడ విడిచానా అని వెతుక్కున్నాను. అవి నా కాళ్ళకే ఉన్నాయి.

నేను పెద్దగా చదువుకోలేదు. మా పుట్టిన ఊరు నంగలిలో ఐదో తరగతి దాకా చదివాను, అదీ కన్నడ బడి. తెలుగు రాయడం మా నాయన నేర్పాడు. తప్పులుంటే సర్దుకుని చదవండి. మా పాప ఎందుకు పోయిందో చెప్పడానికి ఇక్కడ అందరూ ఒక మాట అంటున్నారు. ఆ మాట తప్పు. అందుకే రాస్తున్నాను.

ఆ మాట వేడి.

మా వైపు అన్నిటికీ అదే మాట. కండ్లు ఎర్రబడితే వేడి. నోట్లో పొక్కులు వస్తే వేడి. ఒంటికి పోయేటప్పుడు మంటగా ఉంటే వేడి. పిల్లలు మాట వినకుండా ఎగురుతున్నా వేడే. వేడి అంటే జ్వరం అని కాదు, లోపల ఉష్ణం ఎక్కువైందని. మాడుకు ఆముదం పెట్టి, సబ్జా గింజలు నానేసి ఇచ్చి, రాగి అంబలిలో మజ్జిగ పోసి తాగిస్తే దిగిపోతుంది. మా అమ్మ అట్లాగే చేసింది, నేనూ అట్లాగే చేశాను.

మా పాప కోలారు టమోటా మార్కెట్టులో ఒక మండీలో లెక్కలు రాసేది. చాంపియన్ రీఫ్స్‌లో గని పనివాళ్ళకు కట్టిన మా లైను ఇంటి నుంచి పొద్దున్నే బస్సెక్కి పోయేది. వేలంపాట గోలలో మాట్లాడి మాట్లాడి దాని గొంతు పెద్దదైపోయింది. ఉప్పు అందించమని నన్ను అడిగినా పక్క లైనుకు వినిపించేది. వాళ్ళ నాయన పోయాక మా ఇంట్లో సందడి అంటే ఆ గొంతే.

పోయిన ఏడు సన్నబడటం మొదలైంది. తిండి తగ్గలేదు. రెండు రాగి ముద్దలు తినే పిల్ల మూడోది అడిగేది. అయినా బట్టలు వదులైపోయాయి. చేతులు వణికేవి. చలికాలంలో నేను రగ్గు కప్పుకుంటే అది ఫ్యాను వేసేది. పరుపు వదిలేసి వాకిలి దగ్గర సిమెంటు నేల మీద పడుకుని, చెంప నేలకు ఆనించి, "అమ్మా, ఈడ చల్లగా ఉండాది," అనేది.

రక్తం పరీక్ష చేస్తే థైరాయిడ్ ఎక్కువ ఉందని తేలింది. పక్కింటి అక్క ఒప్పుకోలేదు.

"మా తమ్ముడి పెండ్లానికి థైరాయిడ్ వచ్చి ఎట్ల ఉబ్బినాదో చూడ్లేదా? నీ బిడ్డ పుల్ల మాదిరి ఉండాది. ఇదేం థైరాయిడ్?"

"ఆయమ్మకు తక్కువ అక్కా, నాకు ఎక్కువ. మా ఇద్దరినీ కలిపి సగం చేసినారంటే సరిగ్గా సరిపోతాది," అంది మా పాప.

పరీక్ష చేయించిన డాక్టరు రాసిచ్చిన మాత్రలు మొదలుపెట్టింది. కొన్ని వారాలకు ఒంటిమీద దద్దుర్లు లేచాయి. ముంజేతుల మీద, నడుం చుట్టూ, మోకాళ్ళ వెనక. ఒకచోట అణిగితే ఇంకోచోట ఉబ్బేవి. దువ్వెనతో వీపు గోక్కునేది. పక్కింటి అక్క మూతబడిన బంగారు గని సైనైడ్ దిబ్బల దుమ్ము పడలేదంది. మండీలో వాళ్ళు టమోటాలకు కొట్టిన మందు పడలేదన్నారు. నేను వేడి అన్నాను. మాత్ర మీద ఎవరికీ అనుమానం రాలేదు. జబ్బును తగ్గించడానికి ఇచ్చిన మాత్రే ఒంటికి పడకుండా పోతుందని మాకెట్లా తోస్తుంది?

ఆముదానికీ సబ్జాలకూ తగ్గకపోయేసరికి దగ్గర్లో ఉన్న చిన్న క్లినిక్కుకు పోయాము. కొత్తగా వచ్చిన డాక్టరు, చిన్నవాడు, వేరే ఊరివాడు. మా పాప దద్దుర్లు కనబడకుండా పూర్తి చేతుల చుడీదారు వేసుకుంది. అది నోరు తెరిచేలోపే నేను చెప్పేశాను.

"ఒళ్ళంతా వేడి సారూ. శానా వేడి."

ఆయన థర్మామీటరు పెట్టి చూశాడు. "ఇప్పుడు లేదమ్మా," అన్నాడు.

"ఉండాది సారూ. లోపల ఉండాది."

ఆయన నన్నూ చూశాడు, థర్మామీటరునూ చూశాడు. జ్వరం మాత్రలు రాసిచ్చాడు. మేము లేచేలోపే వెనకవాళ్ళు లోపలికి వచ్చేశారు. బయటికి వచ్చాక మా పాప గోడకు ఆనుకుని నవ్వింది. చేతులు గోక్కుంటూనే నవ్వింది.

"లోపల ఉండాదంట! థర్మామీటరు మింగమంటాడేమో అనుకున్నాను మా."

ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది. మిగిలినవి అంత బాగా గుర్తుకు రావడం లేదు. ఎవరో ఊదేసినట్టు ఉంది.

తర్వాత తనంతట తానే థైరాయిడ్ మాత్ర మానేసి చూసింది. దద్దుర్లు అణిగాయి. అప్పుడే దానికి అర్థమైంది, ఇది దుమ్మూ కాదు, టమోటా మందూ కాదు, మాత్రేనని. కానీ కొన్నాళ్ళకే గుండె పరుగెత్తడం మొదలైంది. ఒకరోజు కోలారు బస్టాండులో నిలబడలేక కింద కూర్చుండిపోయింది. పూలమ్మే ఆమె నీళ్ళు తాపిందంట. ఇంటికి వచ్చి, "మింగితే ఒళ్ళు మండుతాది, మానితే గుండె ఉరుకుతాది. నేను యాడికి పొయ్యేది మా?" అంది. అంత పెద్ద గొంతు పిల్ల ఆ మాట చిన్నగా అంది.

కోలారులోనే థైరాయిడ్ చూసే డాక్టరమ్మ ఒకామె ఉందని మండీలో ఎవరో చెప్పారు. ఆమె దగ్గరికి పోయాము. లోపలికి పోయే ముందు మా పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నువ్వు నోరు తెరవగూడదు," అంది. నేను తెరవలేదు.

డాక్టరమ్మ ఏమైందని అడిగి ఊరుకోలేదు. ఎక్కడ మొదలైంది, మాత్ర మొదలుపెట్టిన ఎన్నాళ్ళకు, ఒక్కో దద్దురు ఎంతసేపు ఉంటుంది, పెదాలు ఉబ్బాయా, ఊపిరి ఆడకుండా పోయిందా, జ్వరం వచ్చిందా, గొంతు నొప్పి ఉందా అని ఒక్కొక్కటే అడిగింది. మా పాప చేతులు పైకి మడిచి చూపించి అన్నిటికీ జవాబు చెప్పింది. డాక్టరమ్మ కసరలేదు. "దురద పెడితే నాకు చెప్పాలి, మీరే మానేయకూడదు. దురదకు దారి ఉంది. మాత్ర లేకపోతే గుండెకు దారి లేదు," అంది. దురద తగ్గడానికి వేరే మాత్ర రాసిచ్చింది. రెండూ కలిపి వేసుకోమంది. అప్పటికీ తగ్గకపోతే థైరాయిడ్ మాత్ర మారుస్తామంది, అదీ పడకపోతే ఇంకో వైద్యం ఉందంది. తర్వాత కలం కింద పెట్టి ఒక సంగతి చెప్పింది. ముఖం గానీ పెదాలు గానీ ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి రావాలి. జ్వరం, గొంతు నొప్పి, నోట్లో పుండ్లు వస్తే ఆ రోజే మాత్ర ఆపి రక్తం పరీక్షకు రావాలి. ఎక్కడో ఒకరికి ఈ మాత్ర వల్ల రక్తంలో తెల్ల కణాలు పడిపోతాయి, భయపడొద్దు, మరిచిపోనూవద్దు అంది.

బస్సులో మా పాప నా చేత పాఠం అప్పజెప్పించుకుంది.

"ఏమేమి వస్తే పరుగెత్తల్ల?"

"జరం. గొంతు నొప్పి. నోట్లో పుండ్లు." అప్పజెప్పి ఊరుకోకుండా, "ఇవన్నీ వేడే కదా పాపా," అన్నాను.

కండక్టరు కూడా తిరిగి చూసేంత గట్టిగా అరిచింది. "ఇంగ ఆ మాట మనింట్లో వద్దు! యాడ, ఎప్పటినుంచి, ఎట్లా. అట్లా చెప్పల్ల!"

ఆ రోజు నుంచి నేను వేడి అంటే చాలు, పట్టుకునేది. నడుం పట్టేసిందని చెప్పడానికి అలవాటుగా ఆ మాట వచ్చేస్తే, "యాడ? ఎప్పటినుంచి? ఎట్లా?" అని నిలదీసేది. నేను నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, "ఈడ. పొద్దున్నుంచి. పిండినట్లు," అనేదాన్ని. "ఇప్పుడు చెప్పినావు," అని మెచ్చుకునేది. పక్కింటి అక్క గోడమీదుగా చూసి, "తల్లీ కూతుర్లు ఏం నాటకం ఆడతా ఉండారు?" అనేది.

దురద ఒక్కసారిగా పోలేదు. మెల్లగా తగ్గింది. మేము చేసినవి చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. వాసన సబ్బు మానేసింది. వేణ్ణీళ్ళు వద్దని గోరువెచ్చగా పోసుకునేది. మెత్తటి నూలు బట్టలే కట్టింది. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకుంది. దురద లేస్తే తడిగుడ్డ వేసుకునేది. గోకితే ఇంకా రేగుతుందని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి అరచేత్తో మెల్లగా తట్టుకునేది. మోచేయి నుంచి మణికట్టు దాకా. తన చేతిని తానే జోకొట్టుకున్నట్టు ఉండేది. ఆదివారం మధ్యాహ్నం ఆ సిమెంటు నేల మీద పడుకుని తట్టుకుంటూ తట్టుకుంటూ నిద్రలోకి జారిపోయేది, చెయ్యి ఆగిపోయేది. అప్పుడు నేను పక్కన కూర్చుని తట్టేదాన్ని. నేను ఆపితే కండ్లు తెరవకుండానే, "ఊఁ," అనేది. మళ్ళీ తట్టేదాన్ని.

బాగుపడింది. అది మీకు చెప్పాలి. దద్దుర్లు పోయాయి. చేతుల వణుకు తగ్గింది. ఒకరోజు సూదిలో దారం తానే ఎక్కించి నా ముఖం ముందు పెట్టి ఆడించింది. మూడో ముద్ద అడగడం మానేసింది. అన్నం తక్కువ తింటే తల్లులు బాధపడతారు. నేను సంతోషపడ్డాను.

తర్వాత ఒక పొద్దున లేచి మంచినీళ్ళు తాగబోయి మింగలేకపోయింది. ఒళ్ళు కాలుతోంది. నా చేతులు నన్ను అడగకుండానే సబ్జా గింజల డబ్బా తీశాయి. అది డబ్బా నా చేతిలో నుంచి తీసుకుని మళ్ళీ గూట్లో పెట్టేసింది.

"అది వేడి కాదమ్మా," అంది. గొంతు పోయి ఉంది, గుసగుసగా వచ్చింది. "చెప్పు చూద్దాం. ఏమి?"

"జరం. గొంతు నొప్పి," అన్నాను.

"ఊఁ. పద."

మాత్ర వేసుకోలేదు. ఆటో పిలిచింది. పొయ్యి మీద పెట్టిన ఎసరు దింపి బయలుదేరాము. రక్తం చూసి డాక్టరమ్మ కుర్చీలో నుంచి లేచి నిలబడింది. తెల్ల కణాలు దాదాపు లేవంది. అప్పుడే అంబులెన్సులో బెంగళూరు పంపింది. అక్కడ అద్దాల గదిలో పెట్టారు. నాకు మూతికి గుడ్డ కట్టి, చేతులు కడిగించి లోపలికి పంపేవాళ్ళు. సూదులు, మందులు, అన్నీ ఇచ్చారు. పక్కన కూర్చుని చెయ్యి తట్టేదాన్ని. మొదట్లో ఆపితే వేలు కదిపేది. తర్వాత ఆపినా కదపలేదు.

పెద్ద డాక్టరు నాతో, "మీరు ఆలస్యం చేయలేదమ్మా. తెలిసిన రోజే వచ్చారు. వచ్చినవాళ్ళలో చాలామంది కోలుకుంటారు. ఈ అమ్మాయి విషయంలో మా చేతుల్లో నిలవలేదు," అన్నాడు. ఆ మాటలు దాచుకున్నాను. వాటిని ఏమి చేసుకోవాలో నాకు తెలియడం లేదు.

ఇంటికి తెచ్చాక అందరూ వచ్చారు. ఎవరో ఎవరికో చెబుతున్నారు. "వేడి ఎక్కువై తలకెక్కేసిందంట." నేను అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. అప్పుడు మాట్లాడాను. "వేడి కాదు," అన్నాను. గట్టిగానే అన్నానంట. పక్కింటి అక్క తర్వాత చెప్పింది, అచ్చం నీ బిడ్డ గొంతేనని.

కర్మలన్నీ అయ్యాక ఆ అక్కే మళ్ళీ వచ్చింది. వాళ్ళ తమ్ముడి పెండ్లాం, ఆ థైరాయిడ్ తక్కువ ఉన్నామె, మా పాప సంగతి విని భయపడి తన మాత్రలన్నీ మోరీలో పారేసిందంట. ఆ మాత్రలు వేసుకున్నప్పటినుంచి ఒళ్ళు దురద పెట్టేదంట, ఇప్పుడు మనిషి మంచం దిగడం లేదంట. నేను పోయాను. ఎందుకు పోయానో తెలియదు, కాళ్ళు పోయాయి.

"నీ మాత్ర వేరే, నా బిడ్డ మాత్ర వేరే," అన్నాను. "పారేసే ముందు అడగల్ల కదమ్మా?"

"భయమైనాది వదినా. ఒళ్ళంతా వేడి..."

"యాడ?" అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. నేను ఆగలేదు. "ఎప్పటినుంచి? ఎట్లా ఉంటాది?"

ఆమె మెల్లగా చెయ్యి చాపి చూపించింది. మరుసటి రోజు ఆమెను బస్సెక్కించి అదే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె మాత్రలో కలిపే రంగు పడక దురద పెడుతుందేమోనని డాక్టరమ్మ చూసి, రంగు లేనిది రాసిచ్చి మళ్ళీ రమ్మంది. ఆ మనిషి తన దురద సంగతి చెబుతున్నంతసేపూ డాక్టరమ్మ నా వైపు చూడలేకపోయింది. చివరికి చూసింది.

మీరు మాత్రలకు భయపడాలని నేను ఇది రాయడం లేదు. మీ ఒంటికి ఏమైనా అయితే యాడ, ఎప్పటినుంచి, ఎట్లా అని చెప్పండి. మా పాప నేర్పింది నాకు అంతే మిగిలింది.

మధ్యాహ్నం పూట పని ఉండదు. వాకిలి దగ్గర అది పడుకునే చోట కూర్చుంటాను. అక్కడ సిమెంటు కొంచెం నున్నగా ఉంటుంది. చెయ్యి ఆనిస్తాను. కాసేపటికి చూస్తే చెయ్యి దానంతట అదే తడుతూ ఉంటుంది, మెల్లగా. ఆపుతాను. ఊఁ అని వినిపిస్తుందేమోనని చూస్తాను. మళ్ళీ తడతాను. నేల చల్లగా ఉంటుంది.