పెట్టెకు ఊపిరి రానీండి

ఉదయగిరి నుంచి ఆత్మకూరు వచ్చే పొద్దుటి బస్సు కండక్టరు నాకు తెలిసినవాడే. పోయిన నెలలో ఒకరోజు బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే దిగి, మా షాపు దాకా నడిచి వచ్చాడు. "టీచరమ్మ పోయినాదంటమ్మా. నిద్దట్లోనే. పెట్టె వాయించేదానికి నిన్ను రమ్మన్నారు" అన్నాడు. బస్సుకు టైమైందని వెంటనే వెళ్లిపోయాడు.

నాకు ఏడుపు రాలేదు. అలసట వచ్చింది. చేతిలో ఉన్న తోలుముక్క కింద పెట్టి, షాపు కట్టేశాను. ఆమెకు ఒంట్లో బాగాలేదని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ముందే తెలిస్తే తట్టుకోవడం తేలికని అంటారు. ఎవరన్నారో గానీ వట్టి మాట. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూడా నెల పట్టింది.

టీచరమ్మ ఉదయగిరి ప్రైమరీ స్కూల్లో పాఠాలు చెప్పేవారు. ఆదివారం చర్చిలో కాళ్ల పెట్టె వాయించేవారు. చేత్తో తిత్తి ఊపుతూ వాయించే మామూలు హార్మోనియం మాకు చేతిపెట్టె. ఇది అలాంటిది కాదు. సగం బీరువా అంత ఉంటుంది. స్టూలు మీద కూర్చుని కింద రెండు చెక్కల్ని రెండు కాళ్లతో తొక్కుతూ ఉండాలి. తొక్కినంతసేపే లోపల గాలి, గాలి ఉన్నంతసేపే పాట. దొరలున్న కాలంలో ఓడలో వచ్చి, ఆ తర్వాత ఎద్దుల బండి మీద మా ఊరు చేరిందట.

టీచరమ్మ వాళ్ల నాయన మిషను బంగళాలో వంటమనిషి. ఆ బంగళా దొరసాని పెట్టె వాయిస్తుంటే పక్కన నిలబడి పాటల పుస్తకంలో కాగితాలు తిప్పడం చిన్నప్పుడు టీచరమ్మ పని. కాగితాలు తిప్పుతూ చేతుల్ని చూసి నేర్చుకున్నారు. దొరసాని దేశం వదిలి వెళ్లేముందు ఆదివారం స్టూలు మీద నుంచి లేచి, ఏమీ చెప్పకుండా, కూర్చోమని చెయ్యి చూపించిందట. ఊరి బయట మా పాలెంలో పుట్టిన ఆడపిల్ల ఆ స్టూలు మీద కూర్చోవడం అదే మొదలు. "కూర్చున్నాను గానీ కాళ్లు అందలా మే" అని నవ్వేవారు ఆ సంగతి చెప్పి.

నేను ఆమెను ఎరిగే నాటికే పెట్టె ముసలిదైపోయింది. ఎలుకలు లోపలి తోలు కొరికేశాయి. ఆమె వేపాకు పెట్టి చూశారు, నాఫ్తలీన్ ఉండలు పెట్టి చూశారు, చివరికి చర్చిలో పిల్లిని కూడా పెంచారు. ప్రసంగం మొదలైతే చాలు, ఆ పిల్లి పాస్టరుగారి కాళ్ల దగ్గరే పడుకునేది. ఎలుకలు మాత్రం వాటి పని అవి చేసుకున్నాయి. చిరుగుల్లోంచి గాలి పోయి, రెండు చరణాలు పాడేసరికి పెట్టె గొంతు నీరసించేది. అప్పుడు టీచరమ్మ చేతులు పైకెత్తేవారు. "పెట్టెకు ఊపిరి రానీండి" అనేవారు. చర్చంతా ఆగేది. ఆ నిశ్శబ్దంలో ఆమె చెప్పులు లేని కాళ్లు చెక్కల్ని తొక్కుతున్న చప్పుడొకటే వినపడేది. గాలి నిండాక "ఊఁ" అనేవారు. అందరూ మళ్లీ ఎత్తుకునేవాళ్లు.

ఏళ్ల తరబడి అలాగే జరిగేసరికి చెప్పాల్సిన పని లేకుండా పోయింది. రెండు చరణాలు కాగానే జనం వాళ్లంతట వాళ్లే ఆగేవాళ్లు. ఆమె "ఊఁ" అంటే కదిలేవాళ్లు. పొలంలో కలుపు తీస్తూ పాడినా, బిడ్డల్ని జోకొడుతూ పాడినా అక్కడ ఆగడమే. పాటే అంత అనుకున్నాం. నేను పుట్టినప్పటి నుంచీ అలా విన్నదాన్నే కాబట్టి నాకు ఇంకో రకం పాట ఉంటుందనే తెలియదు.

శనివారాలు నాకు నేర్పేవారు. వారమంతా పిల్లల మీద అరిచి అరిచి వచ్చేవారు, స్టూలు పక్కన గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేవారు. నిద్రపోయారనుకుని నేను తప్పు వాయిస్తే, కళ్లు తెరవకుండానే, "ఆ వేలు యాడికి పోయినాది?" అనేవారు. మెచ్చుకోవడం చాలా తక్కువ. బాగా వాయించిన రోజు "సరే, పో, ఇంటికి పో" అనేవారు. ఆ మాట కోసం నేను వారమంతా సాధన చేసేదాన్ని.

నేను ఇంటరు పూర్తి చేసిన ఏడు సంఘ పెద్దలు పెట్టె సంగతి తేల్చేయాలన్నారు. నెల్లూరు నుంచి పాత సామాన్ల వ్యాపారి వచ్చి చూసిపోయాడు. దాన్ని అమ్మేసి కరెంటు కీబోర్డు కొందామని పెద్దల మాట. బాగుచేసేవాళ్లు మద్రాసులో తప్ప ఇటువైపు ఎక్కడా లేరు. క్రిస్మస్ దాకా చూస్తామన్నారు.

అప్పుడే పేపర్లో ఆ ప్రకటన పడింది. పాతకాలపు వాద్యాలను పాత పద్ధతిలో వాయించే చిన్న వయసు కళాకారులకు మద్రాసులో ఒక ట్రస్టు ఏడాదిపాటు ఫెలోషిప్ ఇస్తుందట. ఇలాంటి అవకాశాలు ఎప్పుడూ దక్కని కులాలకు, పల్లెలకు ముందు చోటు. వాయించడంతో పాటు వాద్యాన్ని బాగుచేయడం కూడా నేర్పుతారు. టీచరమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. "ఇది నా కోసమే రాసినట్టుండాది మే. వచ్చేదేదో కాస్త ముందు రాగూడదా. నాకు వయసు దాటిపోయినాది, నీకు దాటలా" అన్నారు. గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. బస్సు వెళ్లిపోయాక స్టాండుకు వచ్చిన మనిషి మాట్లాడినట్టు మాట్లాడారు.

ఇద్దరం మద్రాసు వెళ్లాం. అక్కడ హాల్లో మా పెట్టె లాంటిదే ఇంకోటి ఉంది. పాలిష్ మెరుస్తోంది, కాలు పెడితే చాలు గాలి నిండుతోంది. నాకు బాగా వచ్చిన కీర్తన ఎత్తుకున్నాను. రెండు చరణాలు కాగానే చేతులెత్తాను. కాళ్లు తొక్కాను. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ ఆగాను. వినేవాళ్లలో తెలుగు తెలిసిన పెద్దాయన ఒకరు మెల్లగా అడిగారు, "అక్కడ ఎందుకమ్మా ఆగుతున్నావు?"

"పెట్టెకు ఊపిరి రావాలి గదండీ" అన్నాను.

"ఈ పెట్టెకు ఊపిరి బాగానే ఉందే" అన్నారాయన. ఎగతాళి కాదు, నిజంగానే అర్థం కాక అడిగారు. పుస్తకం తెచ్చి చూపించారు. పాటలో ఆ చోట ఏమీ లేదు, ఆగమని ఎక్కడా లేదు. తలుపు దగ్గర కూర్చున్న టీచరమ్మ వైపు చూశాను. ఆమె తల వంచుకుని చీర అంచు చూసుకుంటున్నారు.

ఆ ఏడు ఫెలోషిప్ ఇంకెవరికో వచ్చింది. న్యాయంగానే వచ్చింది, ఆ అబ్బాయి బాగా వాయించాడు. తిరుగు ప్రయాణంలో ఆత్మకూరులో ఆమె ఉదయగిరి బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు అన్నారు, "నేను నేర్పిన తప్పు. నేనే తీయాల."

ముందు పెద్దల దగ్గరికి వెళ్లి ఇంకో ఏడాది గడువు అడిగారు. వాళ్లు గొణిగారు. "ఇన్నేళ్లు పాట మధ్యలో ఆగినారు, ఒక్క ఏడాది ఆగలేరా?" అన్నారు టీచరమ్మ. గడువు ఇచ్చారు.

ఇక తప్పు తీయడం. చిరిగిన పెట్టె మీద ఆగకుండా వాయించడం ఎలా? వాయిస్తూ అంత వేగంగా తొక్కడం నా వల్ల కాలేదు. టీచరమ్మ చీర కొంగు నడుముకు దోపుకుని, నా కాళ్ల దగ్గర నేల మీద మోకాళ్లేసి కూర్చున్నారు. రెండు చెక్కల్నీ రెండు చేతులతో పట్టుకుని నొక్కడం మొదలుపెట్టారు. నేను పైన వాయిస్తున్నాను, ఆమె కింద గాలి పోస్తున్నారు. రెండు చరణాలు కాగానే నా చేతులు వాటంతట అవే లేచేవి. కింద నుంచి రొప్పుతూ, "ఆగబాక మే, ఆగబాక" అనేవారు. ఏడాది పొడుగునా శనివారాలు ఇదే. అప్పటికే ఆమె రిటైరయ్యే వయసుకు దగ్గరలో ఉన్నారు. ఆ బండల మీద ఆమె మోకాళ్లు పోయాయి. డాక్టరు వేరే ఏవో కారణాలు చెప్పాడు, చెప్పనీండి.

మరుసటి ఏడు ఎక్కడా ఆగకుండా వాయించాను. ఫెలోషిప్ వచ్చింది. ఊరంతా సంతోషించింది. టీచరమ్మ "సరే, పో" అన్నారు. ఈసారి ఇంటికి పో అనలేదు.

మద్రాసులో ఏడాది ఉండి తోలు కోయడం, జిగురు కాచడం, గాలికి పలికే ఇత్తడి రీడ్లు శుభ్రం చేయడం నేర్చుకున్నాను. వచ్చీ రాగానే మా పెట్టె విప్పాను. మేకతోలు ఆత్మకూరులో దొరికింది. పెట్టె గొంతు మార్చడానికి లాగే పిడులు విరిగి ఉంటే, వాటి బదులు ఉదయగిరిలో గరిటెలు చెక్కే సాయిబు కొత్తవి చెక్కి ఇచ్చాడు. చూస్తే గరిటె కాడల్లాగే ఉంటాయి, పని మాత్రం బాగా చేస్తాయి. పెట్టె అమ్మే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

బాగుచేశాక వచ్చిన మొదటి ఆదివారం టీచరమ్మే వాయించారు. గాలి నిండుగా ఉంది. ఆమె ఆగకుండా మూడో చరణంలోకి వెళ్లిపోయారు. జనం మాత్రం అలవాటుగా ఆగిపోయారు. పెట్టె ఒక్కటే ముందుకు పోయి, తోడు రాలేదని గమనించి, సిగ్గుపడి ఆగింది. చర్చిలో నవ్వులు. "పెట్టె బాగయినాది గానీ మనం బాగుకాలా" అన్నారు టీచరమ్మ. తర్వాత వారాల్లో పాస్టరుగారు చెప్పి చూశారు, నేను చెప్పి చూశాను. మారలేదు. కొన్నాళ్లకు మేమూ విసిగి వదిలేశాం.

పోనుపోను ఆ ఆగడం పొడుగైంది. ఆమె మోకాళ్లు మొరాయించేవి. చేతులెత్తి, కళ్లు మూసుకుని, నొప్పి తగ్గేదాకా ఉండి "ఊఁ" అనేవారు. ఎంతసేపైనా జనం కిక్కురుమనకుండా నిలబడేవాళ్లు. ఒకసారి నాతో అన్నారు, "అప్పుడు పెట్టెకు ఊపిరి కావాల్సొచ్చినాది. ఇప్పుడు నాకు. పాపం, వీళ్లకు ఆగడమే బతుకైపోయినాది."

ఆ ఫెలోషిప్ ఇప్పుడు లేదు. ట్రస్టులో మనుషులు మారారట, ఆపేశారు. నా తర్వాత మా వైపు నుంచి ఎవరికీ రాలేదు. నేను ఆత్మకూరులో రిపేరు షాపు పెట్టుకుని, కలిగిరి, దుత్తలూరు, కలువాయి తిరిగి చర్చిల్లో మిగిలిన కాళ్ల పెట్టెలు బాగుచేస్తుంటాను. చాలాచోట్ల వాటి మీద పూలకుండీలు పెట్టుకున్నారు. తిరిగి వచ్చిన ప్రతిసారీ, "ఇంకెన్ని ఉండాయి మే?" అని అడిగేవారు టీచరమ్మ. తగ్గిపోయిన సంఖ్య చెప్పడానికి మనసొప్పేది కాదు. "చాలానే ఉన్నాయి టీచరమ్మా" అనేదాన్ని. ఆమె నమ్మినట్టు ఊరుకునేవారు. ఇక ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేరు. నిజం చెప్పొద్దూ, ఆ రోడ్ల మీద తిరగడానికి ఈ మధ్య నాకు ఓపిక చాలడం లేదు.

ఆ రోజు మధ్యాహ్నానికి ఉదయగిరి చేరాను. చర్చిలో ఆమెను పెట్టెలో పడుకోబెట్టి ముందు వరస దగ్గర ఉంచారు, ఇంకో రకం పెట్టె అది. నేను చెప్పులు విడిచి స్టూలు మీద కూర్చున్నాను. ఆమెకు ఇష్టమైన కీర్తన ఎత్తుకున్నాం. రెండు చరణాలయ్యాయి. మూడోది అందుకోబోయాను. వెనక చర్చంతా ఆగిపోయింది.

నేనూ చేతులెత్తాను. తిత్తిలో గాలికి కొదవలేదు, నేను కుట్టిన తోలే. అయినా కాళ్లు తొక్కుతున్నాయి. ఎవరూ పాడటం లేదు, ఎవరూ దగ్గడం లేదు. అందరూ దేనికోసమో చూస్తున్నారు. అది ఆ "ఊఁ" కోసమని, ఇప్పుడది నేనే అనాలని, నాకు ఆలస్యంగా తట్టింది. నోరు తెరిచాను. ఆ మాట ఇంకా అనలేదు. చెక్కల చప్పుడు వింటూ అందరూ అలాగే నిలబడి ఉన్నారు. నేను తొక్కుతూనే ఉన్నాను.