కిటికీ కింద పారబోసిన పాలు

నాకు పదిహేడో ఏట టైఫాయిడ్ వచ్చింది. అరవైల మొదట్లో సంగతి ఇది. జ్వరం పోయింది గానీ ఒళ్ళు తిరిగి రాలేదు. ఎముకల మీద తోలు మాత్రం మిగిలిన నన్ను మా అమ్మ గురుబరపల్లి దగ్గరున్న మా పల్లె నుంచి బస్సులో కృష్ణగిరి ఆసుపత్రికి తెచ్చింది. ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టి, ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది. వెళ్ళక ఏం చేస్తుంది? నాన్న పోయి అప్పటికి ఆరేళ్ళు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే, ఆవులకూ మేకలకూ ఆమె తప్ప దిక్కు లేదు. అంతా తెలిసీ నాకు కోపమే వచ్చింది. గోడవైపు తిరిగి ఏడ్చాను.

డాక్టరు నన్ను చూసి, "ఈ పిల్లకు ఇంక మందు కాదు, తిండి కావాలి. అన్నం దిగదు కాబట్టి పాలు తాగించండి" అన్నాడు. రోజుకు మూడుసార్లు నర్సమ్మ పాలపొడిని వేడినీళ్ళలో కలిపి, చక్కెర వేసి, లోటా నిండా తెచ్చేది. ఎనభై పౌండ్లు తూగిన రోజు ఇంటికి పంపుతామన్నారు. చేరిన రోజు నా తూకం అరవై ఆరు.

నేను పశువులున్న ఇంటి పిల్లను. పాలంటే నాకు పొదుగు, నురగ, పక్కన దూడ. మా ఇంట్లో ఇవి ఎర్రావు పాలు, ఇవి చుక్కావు పాలు అని చెప్పి మరీ చేతికిస్తారు. సంచిలోంచి వచ్చిన ఆ పొడి ఏ ఆవుది? మొదటి గుక్కే ఉమ్మేశాను. మర్నాటి నుంచి నర్సమ్మ పక్క మంచం వైపు తిరగగానే లోటా కిటికీలోంచి వంచేసేదాన్ని. కింద ఆసుపత్రి పిల్లి కాచుకొని ఉండేది. అది నెలకల్లా నున్నగా తేలింది. నేను మాత్రం అరవై ఏడు దాటలేదు. పాపం నర్సమ్మ, చాలడం లేదేమోనని ఇంకో చెంచా పొడి ఎక్కువ వేసింది.

పక్క మంచాల వాళ్ళకు ఎప్పుడూ ఎవరో ఒకరు తోడుండేవారు. వరండాలో వాళ్ళు గంజి కాచుకునేవారు, తలలు దువ్వుకునేవారు, పోట్లాడుకునేవారు. నాతో పోట్లాడటానికైనా మనిషి లేదు. రోడ్డు మీద బస్సు హారన్ వినిపిస్తే అది మా వైపు పోయేదేమోనని చెవి ఒగ్గేదాన్ని.

అమ్మ వారానికొకసారి, సంత రోజున వచ్చేది. మంచం కోడు దగ్గర కూర్చుని నా కాళ్ళు ఒత్తేది.

"పాలు తాగతా ఉండావా పాపా?"

"తాగతా ఉండాను."

"మరి ఒళ్ళెందుకు పట్టలేదే?"

"నాకేం తెలుసు? పోయి డాక్టర్ని అడుగు" అని కసిరేదాన్ని. ఆసుపత్రిలో నాకిచ్చిన అరటిపండు ఆమె చేతిలో పెడితే, "నేను తిని వచ్చినాను, నువ్వు తిను" అనేది. ఆమె గాజులు మోచేతి దాకా జారుతుండటం చూశాను. ఆ పండు నేనే తినేశాను.

ఐదు వారాలు అట్లా గడిచాక, ఒక సంత రోజున అమ్మ రాలేదు. మా పక్కింటి పెద్దమ్మ వచ్చింది.

"మీ అమ్మ కొట్టం కాడ తల తిరిగి పడిపోయిందమ్మా. పడక ఏమైతాది? నిన్ను ఈడ వదిలినప్పటి నుంచి ఒక్కపొద్దే కదా. నువ్వు నీ కాళ్ళతో నడిచి ఇంటికొచ్చేదాకా పొద్దు మునిగినాకనే ఒక్క ముద్ద తింటానని ఊరమ్మకు మొక్కుకునింది. నీకు చెప్పొద్దనింది. నా నోరు ఊరుకోలేదు."

నేను ఇక్కడ లోటా వంచిన ప్రతి పూటా ఆమె అక్కడ పస్తు ఉంది.

"ఒక్కపొద్దు విడిచిపెట్టమను పెద్దమ్మా" అని బతిమాలాను.

"మధ్యలో విడిస్తే నీకే కీడంటాది. నా మాట వింటాదా?" అంది ఆమె.

ఆ సాయంత్రం లోటా రాగానే ముక్కు మూసుకొని తాగేశాను. ఇంకోటి కావాలన్నాను. నర్సమ్మ నా ముఖం చూసింది, కిటికీలోంచి కిందికి చూసింది, కాళ్ళు చాపి పడుకున్న పిల్లిని చూసింది. రెండో లోటా తెచ్చి, నేను పూర్తి చేసేదాకా అక్కడే నిలబడింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఎనభై పౌండ్లు రావడానికి ఇంకో ఆరు వారాలు పట్టింది. బస్సు దిగి, ఎవరి చేయీ పట్టుకోకుండా నడిచి ఇల్లు చేరాను. అమ్మ గుమ్మంలోనే నన్ను తడిమి చూసుకుంది. ఊరమ్మకు దీపం పెట్టి వచ్చి, అన్నాళ్ళకు మొదటిసారి పట్టపగలు కంచం ముందు కూర్చుంది. సంగటి, ఆకుకూర. మూడు ముద్దలు తిని కంచం జరిపేసింది.

"చాలు పాపా. దిగలేదు."

ఆమెకు ఆ తర్వాత ఒళ్ళు రాలేదు. ఆసుపత్రికి పోదామంటే పశువుల్ని ఎవరు చూస్తారనేది. "నా ఒక్కపొద్దు ఊరమ్మ విన్నది" అని వాకిట్లోకి వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకునేది. నేను తల వంచుకొని వినేదాన్ని. ఒకరోజు పాలు పిండుతూ అడిగింది.

"నిన్ను మనిషిని చేసినాయి కదా ఆ పొడిపాలు, ఎట్లుంటాయి పాపా?"

"బాగుంటాయమ్మా" అన్నాను.

పారబోసిన సంగతి ఆమెకు చెప్పలేదు. రెండేళ్ళకు ఆమె పోయింది. ఇప్పుడు చెప్పాలని ఉంది, వినడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు.