అచ్చులాయన పేరు

అచ్చులాయన గురించి ఆఫీసులో ఒక పుకారు ఉండేది. ఎవరు ఏ ప్రోగ్రాము రాసినా, గుట్టుచప్పుడు కాకుండా దాని మీద తన పేరు వేసుకుంటాడట. "కీర్తి కండూతి!" అని కుర్చీలు గిర్రున తిప్పుకుంటూ నవ్వేవారు.

చదువు మధ్యలో ఆగిపోయి అక్కడ కొత్తగా చేరిన అమ్మాయి నోరు విప్పదు, కళ్లు మాత్రం మూయదు. ఆమె చూసినంతలో ఆయన పిచ్చి వేరు. ఏ పనీ నేరుగా చేయడు. ఆ పనిని చేసిపెట్టే ఇంకో పనిని తయారుచేస్తాడు. ఆ ఆఫీసు రాసేది ఆసుపత్రి ప్రోగ్రాము. రోగికో క్లాసు, మందుకో క్లాసు, అంటే ఒక్కోదానికి ఒక్కో అచ్చు, అందరూ రాస్తారు. ఈయన ఆ అచ్చులన్నిటికీ పై అచ్చు రాశాడు. కొత్త క్లాసు పుట్టగానే ఆ పై అచ్చు దాని ఒళ్లంతా తడిమి చూసి, వదిలేసిన వివరాలు తానే నింపుతుంది.

"ఎందుకండీ ఇంత అవస్థ?" అని ఎప్పుడైనా ఆమె ఉండబట్టలేక అడిగితే,

"ఓపిక లేకమ్మా," అని ఆవులించేవాడు.

ఒకరోజు ఆయన భార్య ఫోన్ చేసింది. స్పీకరు మోగి గదంతా వింది.

"డబ్బాల మీద పేర్లు రాయమన్నానా?"

"రాసే పద్ధతి కనిపెట్టానే! ఏ డబ్బాకైనా పనికొస్తుంది."

"మీ పద్ధతి బంగారం కానూ! మావయ్యగారి కాఫీలో ఉప్పు పడింది."

ఆ అమ్మాయి మొదటిసారి 'మంచం' క్లాసు రాసింది. 'బాధ్యులు' అన్నచోట తన పేరు పెట్టుకోవడానికి సిగ్గేసి ఖాళీగా వదిలేసింది. మర్నాడే గోల. ఒకే మంచం ఇద్దరు రోగులకు ఇచ్చేసింది ప్రోగ్రాము. ఆమె ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఒక్క తప్పు దొరికితే ఇంటికే. మేనేజరు బాధ్యుల పేరు చూసి, తిన్నగా అచ్చులాయన మీద పడ్డాడు.

"ఇద్దర్నీ ఒకే మంచం మీద పడుకోబెడతారటయ్యా?"

"చెరో పక్కకీ తిరిగి పడుకోలేరూ?"

"వేళాకోళమా! ఏ తప్పు చూసినా మీ పేరే!"

"వయసండీ, ఏం చేస్తాం."

అమ్మాయి లేచింది. "సార్, అది..."

"కూర్చోమ్మా," అన్నాడు అచ్చులాయన నీరసంగా. "నువ్వు లేస్తే నేనూ లేవాలి. నావల్ల కాదు."

తన క్లాసు మంచం ఖాళీగా ఉందో లేదో చూడకుండానే ఇచ్చేస్తోందని గమనించి, ఆమె సరిదిద్దింది. సాయంత్రానికి ఆ క్లాసు పరీక్షలన్నీ దాటింది. 'బాధ్యులు' చోట ఇప్పుడు ఆమె పేరుంది.

"అయ్యో, మీ పేరు పోయిందండీ!"

"పోతుందమ్మా. చోటు ఖాళీగా ఉంటే నాది పడుతుంది. పని బాగుపడగానే ఆ పై అచ్చే రాసినవాళ్లది వేసి నాది తీసేస్తుంది. ఒక్కొక్కటీ చేత్తో మార్చాలంటే ఎక్కడ చావను?"

మర్నాడు ఆమె ప్రోగ్రామంతా వెతికింది. సరిగ్గా నడుస్తున్న క్లాసుల్లో ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు.