వెనక్కి పిలవని షాపు

చేపల బేరంలో మా జాలరిపేటకి ఒక పద్ధతుంది. ధర కుదరకపోతే కొనేవాళ్ళు నాలుగడుగులు వేస్తారు, అమ్మేవాళ్ళు వెనక్కి పిలిచి కాస్త తగ్గిస్తారు. చేపలమ్మే మా అమ్మ ఇన్నేళ్ళూ బతికింది ఆ పిలుపు మీదే.

కళ్ళజోళ్ళ షాపులోనూ అంతేననుకుంది. కళ్ళ పరీక్ష ఉచితమన్న బోర్డు చూసి నేనే తీసుకెళ్ళాను. దూరపు చూపు బాగా తగ్గిందని చెప్పి, సన్నటి బంగారు రంగు ఫ్రేము పెట్టి చూపించారు. అద్దం దగ్గరగా పట్టుకుని మొహం చూసుకున్న అమ్మ, చిన్నపిల్లలా సిగ్గుపడింది. లెన్సులు రెండు వేలు, ఫ్రేము ఐదు వేలు. అంతకన్నా చవకవి ఆ షాపులో లేవట. చూపు కావాలంటే ముందు షోకు కొనుక్కోవాలన్నమాట! అంత డబ్బు నా దగ్గరా లేదు.

"సూసీది గాజులోంచి కదా బాబూ, కమ్మీకి అంత సెప్తన్నావేటి? అంతా కలిపి నాలుగేలకిచ్చీ" అంది అమ్మ.

"ఫిక్స్‌డ్ రేటమ్మా" అన్నాడు సేల్స్‌మన్, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

అమ్మ ఫ్రేము బల్ల మీద పెట్టి లేచింది. తలుపు దాకా మెల్లగా, చాలా మెల్లగా నడిచింది. ఎవడూ పిలవలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు అలాంటి ఫ్రేమే పెట్టుకున్న ఒకావిడ కారు దిగి, అమ్మ దగ్గర వంజరం చేపకి ఇరవై రూపాయల కోసం వాదులాడి, విసురుగా నాలుగడుగులు వేసి ఆగింది. ఆగిందని అమ్మకి కనిపించలేదు. వెళ్ళిపోతోందనుకుని గొంతు చించుకుని పిలిచింది.

"రామ్మా, నీ రేటుకే ఇచ్చేత్తాను!"