పలహారాల ఒక్కపొద్దుతో ఆత్మకూరు నుంచి ఉదయగిరికి సైకిలు మీద

ఈ ప్రయాణం నేను పుణ్యం కోసం పెట్టుకోలేదు, ఒంటికి మంచిదని గూడా పెట్టుకోలేదు. తాళంచెవి కోసం పెట్టుకున్నాను. నాకు డెబ్బై దాటినాయి. ఉండేది ఆత్మకూరులో, ఊరి బయట నిమ్మతోట ఉండాది. నా చదువు మూడో తరగతి, కాబట్టి చెప్పింది నేను, ఫోన్లో కొట్టింది మా మనవరాలు. పోయినేడు షుగరు వచ్చిందని డాక్టరు రెండు మాటలు చెప్పినాడు. సైకిలు తొక్కు, అన్నం తగ్గించు అని. నేను రెండూ చేసినాను. పొద్దున్నే తోటదాకా సైకిలు, శనివారం శనివారం ఒక్కపొద్దు. మా ఇళ్లల్లో ఒక్కపొద్దు అంటే ఆ రోజంతా అన్నం మెతుకు ముట్టకూడదు. పలహారం తినొచ్చు. ఇడ్లీ, దోశ, ఉప్మా, ఏదైనా పలహారమే, ఎంతైనా పలహారమే. మా తాత కాలం నించి ఇంతే.

అంతా బాగుండాది అనుకుంటే బస్టాండు దగ్గర ఒక గేదె అడ్డం వచ్చి, సైకిలుతో సహా మురుగుకాలవలో పడినాను. తప్పు గేదెది. మా ఆడమనిషి లక్ష్మమ్మ అది ఒప్పుకోలేదు. సైకిలుని వరండా స్తంభానికి గొలుసేసి కట్టి, ఆ తాళంచెవి తీసుకొని పుస్తెలతాడుకి పిన్నీసుతో తగిలించుకునింది. అక్కణ్ణించి లాక్కునే మొగుణ్ణి నేను కాదు. ఇక మీదట తోటకి ఆటోలో పో అనింది. ఆటోలో కోళ్ల గంపల పక్కన కూర్చొని పోయే వయసు నాకింకా రాలేదని, కావాలంటే ఉదయగిరి దాకా సైకిలు మీద పోయి చూపిస్తానని నేనన్నాను. నోరు జారింది నిజమే, కానీ జారిన మాట వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

లక్ష్మమ్మ షరతులు పెట్టింది. శనివారమే పోవాల, ఒక్కపొద్దు తప్పకూడదు, దోవలో ఆటో గానీ బస్సు గానీ ఎక్కకూడదు. పోగలిగితే తాళంచెవి నాది, లేకపోతే సైకిలు పాతసామాన్లవాడిది. సాక్షిగా ఖాదరుని తీసుకొని పొమ్మనింది. ఖాదరుకి మా వీధి చివర సైకిలు షాపు. నాకంటే రెండేళ్లు చిన్నోడు, బక్కమనిషి, నోరు మాత్రం లావు. వాళ్ల కూతుర్ని ఉదయగిరిలో ఇచ్చినారు. ఏటా రంజాన్ నెలలో ఒకసారి సైకిలు మీదే కూతురింటికి పోతాడు. నా సేద్యగాళ్లు ఇద్దరుండగా వీడెందుకని అడిగితే, వాళ్లు నువ్వేం చెప్పమంటే అదే చెప్తారు, ఇది రంజాన్ నెల, ఖాదరు రోజా ఉపవాసంలో ఉంటాడు, రోజాలో ఉండేవాడు అబద్ధం చెప్పడు అనింది. మూడో తరగతి గూడా చదవని మనిషికి ఇంత లాయరు బుర్ర ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆత్మకూరు నించి దుత్తలూరు, అక్కణ్ణించి ఉదయగిరి. పోయేదానికే సుమారు అరవై కిలోమీటర్లు. బస్సుకి రెండు గంటల దోవ, మాకు ఒక పగలు. తెల్లారుజామున ఖాదరు రోజాకి ముందర తినే సహరీ తిని, నమాజు చేసుకొని వచ్చినాడు. అయిదున్నరకి బయల్దేరినాము. మార్చి నెల, గాలి చల్లగా ఉండాది. మొదటి గంటలో నేనే ముందు. వెనక నించి ఖాదరు, "నిదానం అన్నా, ఈడ బహుమతి ఇచ్చేవాళ్లు ఎవురూ లేరు," అన్నాడు. నేను ఇంకొంచెం గట్టిగా తొక్కినాను.

ఏడుగంటలకి రోడ్డు పక్క ఒక రేకుల హోటలు కనబడింది. పెనం మీద కారందోశ వాసన వస్తా ఉంటే దాటిపోవడం మర్యాద కాదు. నాలుగు ఇడ్లీ, రెండు కారందోశలు తిన్నాను. అరవై రూపాయలైంది, చట్నీ అడిగినన్నిసార్లు పోసినారు. ఆ దోవలో పోయేవాళ్లు దోశ ఎర్రగా కాల్చమని ముందే చెప్పండి. ఖాదరు బయట చప్టా మీద కూర్చొని నా సైకిలు చైనుకి నూనె వేసినాడు. ప్రయాణంలో ఉండేవాళ్లు రోజా వదిలేసి తర్వాత ఉండొచ్చంట, వాళ్ల పెద్దలే చెప్పినారంట, అయినా వీడు వదల్లేదు. ఎనిమిదిన్నరకి ఇంకో ఊళ్లో పూరీ కనబడినాయి. మూడే తిన్నాను.

దుత్తలూరు ఇంకా ఎనిమిది కిలోమీటర్లు ఉండాదనగా మా తమ్ముడి వరస ఆయన ఊరు వస్తాది. తల దించుకొని పోదామనుకున్నాను. వాకిట్లో కూర్చొని పేపరు చూస్తా ఉన్నాయన నా తెల్లపంచె చూసి లేచి రోడ్డుకి అడ్డం నిలబడినాడు. మా దిక్కు ఇంటి ముందర పోతా ఎంగిలి పడకపోతే మూడేళ్లు మాటలుండవు. ఒక్కపొద్దులో ఉండానని చెప్పినాను. అయితే పలహారమే చేయిస్తాను అన్నాడు. పెసరట్లు వచ్చినాయి, గారెలు వచ్చినాయి, సేమ్యా పాయసం వచ్చింది. సేమ్యా అన్నం కాదు గదా. వాళ్ల కోడలు ఖాదరుకి గూడా ఆకు వెయ్యబోతే, రోజాలో ఉండానమ్మా, నీళ్లు గూడా వద్దు అన్నాడు. ఆ పిల్ల ఒకసారి ఖాదరు ఎండిపోయిన పెదాలు చూసింది, ఒకసారి నా చేతిలో మూడో గ్లాసు పాయసం చూసింది.

"ఇద్దరిలో ఒక్కపొద్దు ఎవురిది మామా?" అనింది.

అంతే అనింది. ఎగతాళిగా గూడా అనలేదు, తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది. వాళ్ల మామ పేపరు మొహానికి అడ్డం పెట్టుకొని నవ్వినాడు, పేపరు ఊగతా ఉండాది. నేను గ్లాసు కింద పెట్టి లేచినాను. ఇక ఖాదరు రోజా విడిచేదాకా నేనూ నోట్లో ఏమీ వేసుకోను, నీళ్లు గూడా ముట్టను అని వాకిట్లో నిలబడి అందరి ముందరా చెప్పినాను. ఖాదరు, "ఇంకేం పట్టదులే అన్నా, చోటుండాలి గదా," అన్నాడు.

కడుపులో పెసరట్లు, నెత్తిన ఎండ. ఎనిమిది కిలోమీటర్లకి గంటన్నర పట్టింది. దుత్తలూరు చేరేసరికి పదకొండున్నర. బస్సు షెల్టరులో మూడుదాకా పడుకున్నాము. లేచినాక నాకు కళ్లు తిరిగినట్టు అయింది. ఖాదరు నా సైకిలుకుండే నీళ్ల బాటిలు తీసి నా చేతిలో పెట్టి, నువ్వు పడిపోతే వదినెకి జవాబు నేను చెప్పాల, తాగు అన్నాడు. తాగినాను. అది వాడి మాటమీద తాగినాను గానీ దాహానికి కాదు.

దుత్తలూరు దాటినాక ఉదయగిరి కొండ కనబడతాది. కనబడతాది గానీ దగ్గరికి రాదు. ఎంత తొక్కినా అంతే దూరంలో ఉండాది. ఒక ఎత్తు దగ్గర నా కాళ్లు నిలబడిపోయినాయి. అప్పుడే ఒక ఖాళీ ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు తల బయట పెట్టి, సైకిలు పైన కడతాను, వంద ఇవ్వు తాతా అన్నాడు, ఆనక నా మొహం చూసి యాభై అన్నాడు. నేను ఖాదరు వైపు చూసినాను. ఖాదరు కొండ వైపు చూసినాడు. ఒక్క అర కిలోమీటరు ఎక్కితే లోకం మునగదు. కానీ వీడు చూసినాడు, వీడు చెప్తాడు, ఆ సైకిలు పాతసామాన్లవాడి బండి మీద పోతా ఉంటే నేను వరండాలో కూర్చొని చూడాల. పోరా అని ఆటోని పంపించినాను.

ఖాదరు నా భుజమ్మీది తువ్వాలు తీసి, ఒక కొస తన సైకిలు క్యారియరుకి, ఒక కొస నా హ్యాండిలుకి కట్టినాడు. నేను తొక్కినాను, వాడు లాగినాడు, ఎత్తు ఎక్కినాము. పైకి వచ్చినాక నేను అడిగినాను.

"ఈ తువ్వాలు సంగతి మీ వదినెకి చెప్తావా?"

"అడిగితే చెప్తా అన్నా. రోజాలో ఉండాను."

"పూరీ సంగతి?"

"అదీ అడిగితేనే."

అయిదుకి ఉదయగిరి వచ్చినాము. కోట చూడాలనుకునేవాళ్లు పొద్దున ఎక్కండి, మా మాదిరి వచ్చినోళ్లు కింద నించి దండం పెట్టుకోండి. కొండ దాపున ఆంజనేయస్వామి గుడికి పోయినాను. స్వామీ, ఖాదరు అబద్ధం చెప్పాల్సిన పని లేదు, లక్ష్మమ్మ అడక్కుండా చూడు చాలు అని మొక్కినాను. శనివారం గదా, వడమాల వేసుండారు. పూజారి రెండు వడలు తెంపి చేతిలో పెట్టినాడు. ప్రసాదం వద్దనకూడదు, మాట ఇచ్చినాను కాబట్టి తినకూడదు. చొక్కా జేబులో వేసుకున్నాను. నూనె చొక్కాకి దిగతా ఉంటే, ఆ వాసన గడ్డం కింద నించి పైకొస్తా ఉంటే, గంటసేపు వాటిని మోసినాను. డెబ్బై ఏళ్లలో నేను చేసిన అసలైన ఒక్కపొద్దు ఆ ఒక్క గంటే.

పొద్దుగూకే వేళకి ఖాదరుతో మసీదు దగ్గరికి పోయినాను. అరుగు మీద అందర్నీ వరసగా కూర్చోబెట్టినారు, నన్ను గూడా. మసీదు మైకులో బాంకు పిలుపు వినబడినాక ఖాదరు ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు, నాకొకటి ఇచ్చినాడు. ఆనక గంజి వచ్చింది. గిన్నె నిండా, వేడిగా, పుదీనా వేసి. అందులో ఏమేం వేస్తారని అడిగినాను. పోసే ఆయన, నూకలు, పెసరపప్పు అన్నాడు. నూకలంటే బియ్యం. నేను గిన్నె జరిపినాను.

"పొద్దున తిన్న ఇడ్లీ దేంతో చేస్తారన్నా?" అన్నాడు ఖాదరు.

ఇడ్లీలో బియ్యం ఉండేది నాకు తెలీక కాదు. ఇడ్లీ అయినాక అది బియ్యం కాదు. గంజి అట్ల కాదు, అది అన్నానికి తమ్ముడు. ఇది వాడికి చెప్తా ఉంటేనే వాడి ఫోను మోగింది. లక్ష్మమ్మ. వాడు స్పీకరు పెట్టినాడు. ఆటో ఎక్కినాడా అని అడిగింది. ఎక్కలేదు వదినా అన్నాడు. అన్నం ముట్టినాడా అంది. మెతుకు ముట్టలేదు, ఇప్పుడు గంజి గూడా జరిపేసినాడు అన్నాడు. నేను ఊపిరి వదిలినాను. అప్పుడు ఆమె, మరి ఏం తిన్నాడు అంది.

ఖాదరు చెప్పినాడు. ఇడ్లీ, కారందోశ, పూరీ, పెసరట్టు, గారె, పాయసం, అన్నీ లెక్కతో. అడక్కుండానే తువ్వాలు గూడా చెప్పినాడు. అరుగు మీద వరసంతా గంజి తాగడం ఆపి వింటా ఉండాది.

"తువ్వాలు ఆటో కాదు," అనింది లక్ష్మమ్మ. "పలహారం ఒక్కపొద్దుకి తప్పూ కాదు. తాళంచెవి ఇస్తాను. కానీ ఈ పూట నించి మన ఒక్కపొద్దు వద్దు ఆయనకి. ఇక శనివారం శనివారం ఖాదరు ఉన్నట్టే ఉండమను. నీళ్లు తాగనీ, అంతకు మించి పొద్దుగూకేదాకా ఏమీ లేదు."

ఫోను పెట్టేసింది. తాళంచెవి వచ్చింది, కారందోశ పోయింది. ఏడవాలో నవ్వాలో తెలీక కూర్చోనుంటే ఖాదరు గిన్నె మళ్లీ నా ముందరికి తోసినాడు. "ఈ పూట నించి అనింది గదా వదిన. మా లెక్కలో పొద్దుగూకినాక గంజి తాగొచ్చు." లక్ష్మమ్మ మాట నేను ఎప్పుడూ దాటలేదు. జేబులో వడలు తీసి గంజిలో ముంచి తిన్నాను. స్వామి వడకి మసీదు గంజి అంత బాగా కుదురుతాదని ఎవురైనా ముందే చెప్పుంటే, నేను గేదెకి దండం పెట్టుండేవాణ్ణి. మూడు గిన్నెలు తాగినాను.

రాత్రికి ఖాదరు కూతురింట్లో పడుకొని, ఆదివారం సైకిళ్లని చిన్న ట్రాలీ బండికెక్కించి తిరిగొచ్చినాము. వచ్చేదానికి షరతు లేదు గదా. ఇప్పుడు నాలుగు నెలలైంది. శనివారం ఉత్త నీళ్లతో ఉంటాను, షుగరు కొంచెం దిగింది, డాక్టరు తన మందు వల్ల అంటాడు, లక్ష్మమ్మ తన వల్ల అంటాది. నేను ఏమీ అనను, సైకిలు నా కింద ఉండాది, అది చాలు. ఇన్నేళ్లు ఏది తినకూడదో మాత్రమే పట్టించుకున్నాను, ఆకలి అంటే ఏందో ఒక్క రోజు గూడా చూళ్లేదు. చూసినాక గంజికి రుచి వచ్చింది, పక్కన కూర్చున్నవాడి మీద మర్యాద వచ్చింది. ఈ ముక్క ఖాదరుకి చదివి వినిపించొద్దని మా మనవరాలికి చెప్పినాను.

ఈ దోవలో సైకిలు మీద పోవాలనుకునేవాళ్లకి ఒకే మాట. తెల్లారకముందే బయల్దేరి ఎండ ముదరకముందే దుత్తలూరు దాటండి, మధ్యలో చుట్టాల ఊరు ఉంటే తెల్లపంచె కట్టుకోవద్దు, ప్యాంటు వేసుకొని పోండి, దూరం నించి గుర్తుపట్టరు.