గంజ్ షెడ్డుల మేజువాణి

మా దినాల్ల ఒక కొత్త మాట తెలిస్తే దాన్ని జరీ కండువ లెక్క భుజానేసుకొని తిరిగేటోళ్లం. ఇప్పుడు మాటకు ఇజ్జత్ లేదు. మొన్నొక ఫంక్షన్ల పెద్ద చదువుల సారొకాయన, మేజువాణి అంటే తాగినోళ్ల ముంగట ఆడే ఆట అన్నడు. నాకు ఒళ్లు మండింది. (నేను బడికి పోయింది అయిదో తరగతి దాకనే. మిగిలిన చదువంత పొట్లాల కాయితాలల్ల, ఒక చినిగిన నిఘంటువుల.) మేజ్బాన్ అంటే ఇంటికొచ్చినోళ్లను అర్సుకునే పెద్దమనిషి. ఆయన కొలువుల చుట్టాల మర్యాద కోసం పాడుకుంట అభినయం పట్టేదే మేజువాణి. పెండ్లిండ్లకు తర్వాత వచ్చింది.

ఇరవై ఏండ్లప్పుడు ఆర్మూర్ గంజ్‌ల, అంటే పసుపు మార్కెట్ల, రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక ఆడ్తి సేటు దగ్గర పసుపు కాంటా పెడుతుంటి. సేటు బిడ్డ పెండ్లికి మేజువాణి పెట్టిద్దామని నేనే నూరిపోసిన. మోర్తాడ్‌ల బీడీలు చుట్టే మా పెద్దమ్మ చిన్నతనంల దొర గడీల పాడినామె. సేటు ఒక్కటే అన్నడు: ఆడోళ్లు సిగ్గుపడి నడుమల్నే లేసి పోయే ఆటైతే తెల్లారి నుంచి కాంటా కాడ కనబడకు.

చుట్టాలెక్కువని పెండ్లి గంజ్ షెడ్డుల పెట్టిండ్రు. షెడ్డు ఊడిపించిన గని నీళ్లు చల్లియ్యలె. పసుపు తడిస్తే ఖరాబైతదని భయపడి భయపడి, ఖాళీ షెడ్డుల గూడ చెంబెత్త చేతులు రాలె.

పెద్దమ్మ గజ్జెలు కట్టి అడుగేసింది. నేల మీది పసుపు దుమ్ము లేసింది. నడుముకు మద్దెల కట్టుకొని వెనక నిలబడ్డాయన ఫాట్‌మని తుమ్మిండు. ఆయన తర్వాత పెండ్లికొడుకు, అయ్యగారు గూడ. ఆడోళ్లు ముక్కులకు కొంగులు పెట్టుకొని లేవబోయిండ్రు. సేటు నా దిక్కు చూసిండు.

పెద్దమ్మ మాత్రం ఆగలె. పాటల ఆడిమనిషి తను మనసిచ్చిన సామి ఇంటికి బయలెల్లుతది. తుమ్ము ఇనబడంగనే అపశకునమని నొసలు కొట్టుకొని కూలబడ్డది. మళ్ల లేసింది, మళ్ల తుమ్ము. మూడోసారి తుమ్మింది సేటే. ఆమె ఆయన ముంగటికొచ్చి నడుముకు చెయ్యి పెట్టుకున్నది.

"ఇంటాయనవు నువ్వే తుమ్మితె నేనెట్ల రావాలె సామీ?"

లేవబోయిన ఆడోళ్లు నవ్వు ఆపుకోలేక మళ్ల కూసున్నరు. పాట అయినంక సేటమ్మ మా పెద్దమ్మ చెయ్యి పట్టుకొని తన పక్కనే భోజనాల బంతిల కూసోబెట్టుకున్నది. అగో, మేజువాణి అంటే అది, సారూ.

"రేపు జల్ది రా," అన్నడు సేటు, కండ్లు తుడుసుకుంట. "షెడ్డు కడుగుదువు."

నెత్తి నుంచి కాళ్ల దాక పచ్చగ ఇంటికి పోతే, మా అమ్మ గడప మీద నిలబడి ఎగాదిగ చూసి, "ఎవల పెండ్లిరా, నీదా?" అన్నది.

కాదనబుద్ధి గాలె.