బస్సు దిగి నడిచినవాళ్లు

ద్రవ్యరాశిని త్వరణంతో గుణిస్తే బలం వస్తుందని పదో తరగతిలో బట్టీ పట్టాను. అర్థమైందా అని మాస్టారు అడిగితే తల ఊపాను. తల ఊపడంలో నన్ను మించినవాళ్లు మా జి.మాడుగుల బడిలో లేరు.

సామాన్యశాస్త్రం పరీక్ష పాడేరులో. తప్పితే చదువు మాన్పించేస్తానని మా నాన్న ముందే చెప్పేశాడు. ఆయన అన్నంత పనీ చేసే మనిషి. ఆ రోజు సంత కూడా కావడంతో బస్సు నిండా కొండ ఊళ్ల ఆడవాళ్లు, చింతపండు బుట్టలు, పసుపు మూటలు. దారిలో ఇంజన్ వేడెక్కి ఆగిపోయింది. నీళ్లు తెచ్చి పోసి కదిలేసరికి బాగా పొద్దెక్కింది. పెద్ద ఎత్తు దగ్గరికి వచ్చి బస్సు మళ్లీ మొరాయించింది.

అక్కడ అందరూ దిగి నడవడం, పైన బస్సు ఆగి ఎక్కించుకోవడం మాకు మామూలే. నేనూ దిగాను. పరీక్షకి వేళ మించిపోతోందని ఏడుపు ఆగలేదు. బుట్ట దించుకుంటున్న ఒక ముసలమ్మ నన్ను చూసి, "ఏటే గుంటా, ఎందుకేడుస్తన్నావు?" అంది. చెప్పాను. ఆవిడ నన్ను మళ్లీ బస్సులోకి నెట్టి, డ్రైవరుకి వినపడేలా కేకేసింది.

"పైన మాకోసం ఆగకు బాబూ. గుంట పరీచ్చకెల్తంది. నువ్వు బేగి పో, మేం నడిసొచ్చేత్తాం."

సంతకి ఆలస్యమైతే షావుకారు చెప్పిన ధరకే సరుకు ఇచ్చేయాలని ఆవిడకి తెలుసు. మిగతావాళ్లకీ తెలుసు. ఒక్కరూ కాదనలేదు, బుట్టలు నెత్తికెత్తుకున్నారు.

చంటిబిడ్డ తల్లి ఒకామె, నేను తప్ప బస్సంతా ఖాళీ. ఒక్క ఊపున ఎత్తు ఎక్కేసింది. ఇంజన్ బలం మారలేదు. బరువు తగ్గింది, వేగం పుంజుకుంది. సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్న నాకు మాస్టారి పాఠం అప్పుడు అర్థమైంది. తీరా ప్రశ్నపత్రంలో ఆ ప్రశ్నే రాలేదు!

అయినా పాసయ్యాను. తర్వాత ఫిజిక్సే చదివి, ఆ పాఠమే చెప్పుకుని బతికాను. ఆ తల్లుల పేర్లు కూడా నాకు తెలియవు. ఇప్పుడు తలుచుకున్నా వాళ్లకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఏటా పిల్లలకి బోర్డు మీద ఆ బస్సు బొమ్మ గీసేదాన్ని. ఒకసారి ఒక అమ్మాయి లేచి, "తగ్గిన ద్రవ్యరాశి ఏమైందండీ?" అని అడిగింది. మళ్లీ సుద్దముక్క తీసుకుని, బస్సుకి బాగా వెనకాల, నెత్తిన బుట్టలతో ఎత్తెక్కుతున్న ఆడవాళ్లని గీశాను.